సార్ ఈజ్ కమింగ్!

మొన్న శనివారం నేను చేసిన నిర్వాకం చెప్తాను గానీ, ముందు ఆ టీ తాగేయండి. మధ్యలో నవ్వొచ్చి పొలమారితే నా పూచీ లేదు. నవ్వండి, నేనేం అనుకోను. రేపల్లె స్టేషన్లో పోర్టరు దగ్గర్నుంచి రైసుమిల్లు ఆడవాళ్ళ దాకా అందరూ నవ్వేశారు. ఇక మీరే మిగిలారు.

నా పరిస్థితి మీకు తెలిసిందేగా. నాది రేపల్లెలో ఉద్యోగం, ఆరో తరగతి పిల్లలకి ఇంగ్లీషు చెప్తాను. మావారిది బాపట్లలో, తాలూకా ఆఫీసులో గుమస్తా. అత్తగారిల్లు సరిగ్గా మధ్యలో, తెనాల్లో. పెళ్ళై ఆర్నెల్లు కావొస్తోంది. శనివారం సాయంత్రం ఆయన అటునుంచి రైలెక్కుతారు, నేను ఇటునుంచి ఎక్కుతాను, ఇద్దరం తెనాల్లో దిగుతాం. వినడానికి భలే ఉంది కదూ?

దిగాక సంగతి వినండి. ఉన్నవి రెండు గదులు. అందులో అత్తగారు, మామగారు, బావగారు, తోడికోడలు, వాళ్ళ పిల్లలు. పెద్దవాళ్ళ ముందు మొగుడితో మాట్లాడితే ఏం బాగుంటుంది? అందుకని నేను వంటింట్లో, ఆయన అరుగు మీద. రాత్రయితే అత్తగారు "నా పక్కన పడుకో అమ్మాయ్, ఇక్కడ గాలి బాగా వస్తుంది" అంటారు. ఆవిడ మంచిదే పాపం, నిజంగానే గాలి బాగా వస్తుంది. ఆదివారం సాయంత్రం కాగానే ఆయన రైలు ఒకవైపు, నా రైలు ఇంకోవైపు. ఆర్నెల్లలో ఆయన గొంతు నేను విన్నదంతా గోడ అవతలి నుంచే. మా ఆయనతో ఒక్క పూట తీరిగ్గా కూర్చుని, ఏదో ఒకటి, వంకాయ గురించైనా సరే, మాట్లాడాలని ఎంత కోరికగా ఉండేదో మీకు చెప్పలేను.

ఇక మా పిల్లల సంగతి కూడా చెప్పాలి. అసలు కొంప ముంచింది అదే.

ఆరో తరగతి పిల్లలకి ఇంగ్లీషు కొత్త. మొన్నటిదాకా ఏబీసీడీలు రానివాళ్ళకి ప్రెజెంటు, పాస్టు, ఫ్యూచరు అని బోర్డు మీద రాస్తే ఏమెక్కుతుంది? నాకు ట్రైనింగులో నేర్పిన పద్ధతి వేరు. పని చేస్తూ చూపించాలి. నేను తలుపు దగ్గరికి నడుస్తుంటే పిల్లలంతా "టీచర్ ఈజ్ వాకింగ్!" అని అరవాలి. తలుపు తీస్తుంటే "టీచర్ ఈజ్ ఓపెనింగ్ ద డోర్!" తీశాక "టీచర్ హాజ్ ఓపెన్డ్ ద డోర్!" పక్క క్లాసు తెలుగు మాస్టారు వచ్చి, "ఏంటమ్మా, తలుపు తీస్తే ఊరేగింపు చేస్తున్నారు?" అని అడిగేవారు. నేను పట్టించుకోలేదు. నా పద్ధతి మీద నాకు అంత గర్వం!

పైగా ఒక రూలు పెట్టాను. నా ఎదుట ఎవరూ తెలుగు మాట్లాడకూడదు. క్లాసులో అయినా, వీధిలో అయినా సరే. మాట్లాడితే మర్నాడు బెంచీ ఎక్కి నిలబడాలి. ఇంకోటి, నేను చెవి దగ్గర చెయ్యి పెట్టి, వేలు గుండ్రంగా తిప్పానంటే "మళ్ళీ చెప్పండి, గట్టిగా" అని అర్థం. అప్పుడు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి, వరసలో నిలబడి, చేతులు కట్టుకుని చెప్పాలి.

పిల్లలు ఎంత బాగా నేర్చుకున్నారంటే, నేను బజారుకెళ్తే వెనకాలే వచ్చేవాళ్ళు. "టీచర్ ఈజ్ బయింగ్ బ్రింజాల్స్!" అని మార్కెట్టంతా మారుమోగేది. అందులో నాంచారమ్మ అని ఒక పిల్ల ఉంది. వాళ్ళ నాన్న పడవ మీద సముద్రంలోకి వేటకెళ్తాడు. ఒడ్డున నిలబడి పడవ మీదున్న నాన్నని పిలిచి పిలిచి ఆ పిల్లకి అలాంటి గొంతు వచ్చింది. నాంచారమ్మ "బ్రింజాల్స్" అందంటే కొట్టువాడు తక్కెడ వదిలేసి చూసేవాడు. నేను మాత్రం ఆగి, వేలు తిప్పి, ఇంకోసారి చెప్పించుకుని మరీ వెళ్ళేదాన్ని. అది నా వరస.

సరే, శనివారానికొద్దాం.

ఆ వారం మా ఇంటావిడ గేదె ఈనింది. శనివారం పొద్దున్నే జున్ను వండి, "తీసుకెళ్ళు తల్లీ, మీ ఆయనకి" అని క్యారియర్ గిన్నెలో పెట్టి ఇచ్చింది. మావారికి జున్నంటే ప్రాణం. పెళ్ళిచూపుల్లో ఆయన నాతో మాట్లాడిన రెండు ముక్కల్లో ఒకటి, "జున్ను వండటం వచ్చా?" అని. ఆ గిన్నె చేతిలోకి రాగానే నాకు దుర్బుద్ధి పుట్టింది. తెనాలి తీసుకెళ్తే ఈ జున్ను ఎవరికి మిగులుతుంది? ఆయన అరుగు మీద, నేను వంటింట్లో, మధ్యలో పిల్లల సైన్యం!

అంతే. తెనాలి వెళ్తున్న సైన్సు మాస్టారితో అత్తగారికి కబురు పంపించాను. "పరీక్ష పేపర్లు దిద్దాలి, ఈ ఆదివారం రాలేను" అని. తెనాలి స్టేషన్ బయటికి అడుగు పెట్టకుండా అక్కడే బండి మారి తిన్నగా బాపట్ల పోవాలని నా ప్లాను. ఆయన ఎప్పుడూ మెయిల్ వెళ్ళిపోయాక వెనకొచ్చే ప్యాసింజరుకే బయలుదేరతారు, ఈలోగా ఆయన గది ముందు నిలబడి "రండి, జున్ను" అనాలని! ఆయనకి ముందు చెప్తే సరదా ఏముంటుంది?

స్కూలు వదలగానే చీర మార్చుకుని, క్యారియర్ పట్టుకుని బయల్దేరాను. పిల్లలు మా ఇంటి ముందు గోళీలాడుతున్నారు. "టీచర్ ఈజ్ గోయింగ్!" అన్నారు. "వేర్?" అన్నాను. ఎవరికీ తెలీదు. సంతోషం పట్టలేక నేనే చెప్పేశాను, "టు బాపట్ల!" అని. అందరూ అప్పజెప్పారు.

బజారు దారిన వెళ్తే ఎవరైనా ఆపి కబుర్లు పెడతారని రైసుమిల్లు ఆవరణలోంచి అడ్డంగా పడ్డాను. అక్కడ ఉప్పుడు ధాన్యం ఆరబోసి ఉంది. "ఏవమ్మోయ్ టీచరమ్మా, వడ్లు తొక్కబాక!" అని ఆడవాళ్ళు అరుస్తూనే ఉన్నారు. కుచ్చిళ్ళు ఒక చేత్తో, జున్ను ఒక చేత్తో, గట్టు మీద గెంతుకుంటూ స్టేషనుకి చేరాను.

మా రేపల్లెలో పట్టాలు అయిపోతాయి కదా. తెనాలి నుంచి వచ్చిన బండే ఇంజను ఇటునుంచి అటు తగిలించుకుని మళ్ళీ తెనాలి వెళ్తుంది. నేను వెళ్ళేసరికి జనం దిగిపోయి ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది, ఇంజను తగిలించేశారు. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన కూర్చుని, జున్ను గిన్నె ఒళ్ళో పెట్టుకున్నాను. ఎంత ఆనందంగా ఉందో! గార్డు పచ్చజెండా ఊపాడు. ఇంజను కూసింది. బండి కదిలింది.

అప్పుడు వచ్చారండి మా పిల్లలు! నాంచారమ్మ ముందు, మస్తాను వెనక, ఆ వెనక మిగతా సైన్యం. గేటు దాటి ప్లాట్‌ఫారం మీదకి దూసుకొచ్చారు.

"టీచర్! సార్ ఈజ్ కమింగ్! సార్ ఈజ్ కమింగ్!"

నాకు కళ్ళు చెమర్చాయి. నన్ను సాగనంపడానికి వచ్చారు, అదీ ప్రెజెంట్ కంటిన్యువస్‌లో! ఎంత స్పష్టంగా పలుకుతున్నారో! పెట్టెలో ఆడవాళ్ళంతా నాకేసి చూస్తున్నారు. నేనేం చేశానో ఊహించగలరా? చెవి దగ్గర చెయ్యి పెట్టి, వేలు గుండ్రంగా తిప్పాను.

పాపం పిల్లలు! అప్పటిదాకా నా కిటికీ వెంట పరిగెడుతున్నవాళ్ళు టక్కున ఆగిపోయారు. వరసలో నిలబడ్డారు. చేతులు కట్టుకున్నారు. "సార్ ఈజ్ కమింగ్!" అని ముక్తకంఠంతో చెప్పారు. "వెరీ గుడ్!" అన్నాను నేను. ఇంకోసారి తిప్పాను. ఇంకోసారి చెప్పారు. నాంచారమ్మకి ఏడుపొక్కటే తక్కువ. నోరు తెరుస్తుంది, మూస్తుంది, మళ్ళీ "కమింగ్!" అంటుంది. తెలుగులో చెప్తే బెంచీ ఎక్కాలి మరి.

బండి ప్లాట్‌ఫారం చివరికి వచ్చింది. అక్కడ, గేటులోంచి ఒక మనిషి పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. ఒక కాలికే చెప్పుంది. రెండోది చేతిలో ఉంది. ఇంకో చేతిలో అరిటాకు పొట్లం. మల్లెపూలు. ఆయనెవరో మీకు చెప్పక్కర్లేదనుకుంటాను.

"ఏవండీ!" అని నేను కేక పెట్టేసరికి, మధ్యలో నీళ్ళట్యాంకు అడ్డం వచ్చింది. అది దాటాక మనిషి చిన్నగా, దూరంగా కనిపించారు. ఆ పొట్లం పైకెత్తి ఊపారు. వెనక నుంచి మా పిల్లల గొంతులు మాత్రం ఇంకా వినిపిస్తున్నాయి. "సార్ ఈజ్ రన్నింగ్! టీచర్ ఈజ్ గోయింగ్!" వేలు తిప్పడానికి కూడా నాకు చెయ్యి రాలేదు.

ఎదురుగా ఖాళీ చేపల గంప పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుంది. "ఎవరమ్మా ఆయన, ఒంటి చెప్పుతో పరిగెత్తుతున్నాడు?" అంది.

"మా ఆయనండి."

"మరి నువ్వు ఇక్కడున్నావేంటి?"

పైకి చూస్తే బండి ఆపే గొలుసు కనిపించింది. నా చూపు పట్టేసి, "దాన్ని ముట్టుకోబాక తల్లో, పోలీసులొస్తారు" అందామె. పక్క స్టేషన్లో దిగుదామంటే వెనక్కెళ్ళే బండి ఆ పూటకి లేదు. జున్ను ఒళ్ళో పెట్టుకుని తెనాలి దాకా ఏడుస్తూ వెళ్ళాను. ఆయన నా కోసం వచ్చారు! అంత దూరం, పూలు తెచ్చారు! నేను "వెరీ గుడ్" అన్నాను!

బాపట్ల వెళ్ళి ఏం చెయ్యను, ఆయన గదికి వేసిన తాళం చూసి రావడానికా? బుద్ధిగా తెనాల్లో దిగి అత్తగారింటికి పోయాను.

"పేపర్లు దిద్దేశావా అమ్మాయ్?" అన్నారు అత్తగారు.

"ఆఁ... అయిపోయాయండి."

"వాడూ రానని మనిషిచేత చెప్పించాడు. ఆఫీసులో పనుందట."

ఆ మాట వినగానే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇద్దరం ఒకే రోజు ఒకే అబద్ధం ఆడి, ఒకరిని వెతుక్కుంటూ ఒకరం వెళ్ళాం. అయితే ఆయన మెయిల్‌కే బయలుదేరి ముందొచ్చేశారన్నమాట. నేను మిల్లులోంచి అడ్డంగా పోతుంటే, ఆయన బజారు దారిన మా ఇంటికెళ్ళి, పిల్లల్ని అడిగి వెనక్కి పరిగెత్తి ఉంటారు. ఆ రోజు అందరితో పాటు అన్నానికి కూర్చున్నాను గానీ ముద్ద దిగలేదు. ఈపాటికి ఆయన నా గదిలో ఉంటారు. నా కుండలో నీళ్ళు ముంచుకుని తాగుతుంటారు. నా అద్దంలో తల దువ్వుకుంటుంటారు. నేను లేని నా గదిలో ఆయన, ఆయన లేని ఆయనింట్లో నేను! ఈలోగా తోడికోడలు క్యారియర్ మూత తీసింది. "జున్నే!" అని పిల్లలంతా ఒక్కసారిగా పడ్డారు. కాసేపటికి కడిగిన గిన్నె గోడవార బోర్లించి ఉంది.

మర్నాడు పొద్దున్న మొదటి బండికే ఆయన వచ్చేశారు. చెప్పుకి తాడు కట్టుకుని, మొహం వేలాడేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. మామగారు రైల్వేలో బుకింగ్ క్లర్కుగా రిటైరయ్యారు లెండి. ఆ ఇంట్లో పిల్లల పుట్టినరోజులు మర్చిపోతారేమో గానీ రైళ్ళ టైములు మర్చిపోరు.

"బాపట్ల బండి ఇంకా రాలేదు కదరా, నువ్వెట్టా వచ్చావు?" అన్నారు అత్తగారు.

"అదీ... ఆఫీసు పని మీద రేపల్లె వెళ్ళానమ్మా."

"ఆదివారం పూట రేపల్లెలో ఏం ఆఫీసురా?"

ఆయన చెప్పు తాడు సర్దుకున్నారు. నేను వంటింట్లోకి పారిపోయాను. మామగారు పేపరు తిరగేశారు.

మళ్ళీ మామూలే. ఆయన అరుగు మీద, నేను లోపల. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారే దారి చూపించారు. "ఊరికే కూర్చోకపోతే మన చిట్టికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు చెప్పరాదూ?" చిట్టి మా బావగారమ్మాయి, అదీ ఆరో తరగతే. దాన్ని గుమ్మం పక్కన కూర్చోబెట్టుకున్నాను. గుమ్మానికి అవతల అరుగు మీద మావారు. పడక్కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని మామగారు, నిద్రలో ఉన్నారనుకున్నాను. అత్తగారు తమలపాకులు తుడుచుకుంటున్నారు.

"చెప్పవే చిట్టీ. ఐ వెంట్ టు ద స్టేషన్."

చిట్టి చెప్పింది. గోడ అవతల నుంచి చిన్న దగ్గు. "ఐ కేమ్ టు రేపల్లె" అన్నారు మావారు, ఆకాశంలోకి చూస్తూ.

"బాబాయి కూడా చెప్తున్నాడు పిన్నీ!"

"నువ్వు వినవే. ఐ డిడ్ నాట్ నో."

"ఐ వాజ్ రన్నింగ్" అన్నారాయన. "యూ వర్ సేయింగ్ వెరీ గుడ్."

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నోరు ఆగలేదు. ఆర్నెల్లకి దొరికిన అవకాశం! "అడుగు చిట్టీ. వై డిడ్ యూ కమ్?"

చిట్టి గుమ్మంలోంచి తొంగిచూసి వాళ్ళ బాబాయిని అడిగేసింది. ఆయన మెల్లగా, "బికాజ్ ఐ వాంటెడ్ టు సీ యూ. ఎవ్రీ డే ఐ వాంట్ టు సీ యూ" అన్నారు.

"ఇది మా పుస్తకంలో లేదు పిన్నీ!" అంది చిట్టి.

అత్తగారు ఆకులు తుడుస్తూ, "బాగా చెప్తున్నావమ్మా, వాడికి కూడా నాలుగు ముక్కలు వస్తున్నాయి" అన్నారు సంతోషంగా. కొంగుతో మొహం తుడుచుకుని, ఇక ఉండబట్టలేక అడిగేశాను. "విల్ యూ కమ్ నెక్స్ట్ సాటర్‌డే?"

"హీ విల్."

ఆ మాట అన్నది మావారు కాదు. పేపరు వెనక నుంచి వచ్చింది. పేపరు మెల్లగా కిందికి దిగింది. మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. జీవితమంతా దొరల కాలం నుంచి ఇంగ్లీషులో టిక్కెట్లు కొట్టిన మనిషి! ఆ సంగతి నాకు ఎలా తట్టలేదో! భూమి చీలితే అందులోకి దూరిపోదామనుకున్నాను. మావారు అరుగు దిగి వీధిలోకి పోయారు, చెప్పులు కూడా వేసుకోకుండా.

"ఏమేవ్, వచ్చే ఆదివారం మనందరం దుగ్గిరాల మా చెల్లెలింటికి వెళ్తున్నాం" అన్నారు మామగారు. "వీళ్ళిద్దరూ ఇక్కడికి రానక్కర్లా. వాణ్ణి తిన్నగా రేపల్లె పొమ్మను."

"ఎప్పుడనుకున్నాం దుగ్గిరాల?" అన్నారు అత్తగారు.

"ఇప్పుడే" అని ఆయన మళ్ళీ పేపరు అడ్డం పెట్టుకున్నారు.

సాయంత్రం స్టేషన్లో నా బండి ముందు బయల్దేరింది. మావారు కిటికీ కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. మాట్లాడుకోవడానికి ఎవరూ అడ్డం లేరు, అయినా ఇద్దరికీ ఒక్క మాట రాలేదు. "చెప్పు కుట్టించుకోండి" అన్నాను చివరికి. "ఊఁ" అన్నారు. బండి కదిలాక ఆయన చెయ్యి కడ్డీ మీద నుంచి జారిపోయిన చోటు చూసుకుంటూ రేపల్లె దాకా కూర్చున్నాను.

సోమవారం క్లాసులోకి వెళ్తే నాంచారమ్మ జడలో మల్లెపూలు. వాడిపోయి, ఎర్రబడి ఉన్నాయి. "సార్ గేవ్!" అంది భయంభయంగా. రైలు పోయాక ఆయన ఆ పొట్లం పిల్లల చేతిలో పెట్టి, మా ఇంటావిడ పెట్టిన అన్నం తిని పడుకున్నారట. నావి కావలసిన పూలు నాంచారమ్మ జడలో చూస్తుంటే పాఠం ముందుకి సాగలేదు. ఆ రోజు పిల్లలకి కథ చెప్పి వదిలేశాను.

ఇవాళ శుక్రవారం. రేపు సాయంత్రం బండికి ఆయన వస్తారు. ఇంటావిడ మళ్ళీ జున్ను వండి పెడతానంది, ఆవిడ రెండో గేదె నిన్న ఈనింది లెండి. పొద్దున్నే పిల్లల్ని పిలిచి నిలబెట్టి చెప్పాను. "రేపు మీరంతా స్టేషనుకి వెళ్ళండి. సార్ బండి దిగగానే పరిగెత్తుకొచ్చి నాకు చెప్పండి. తెలుగులో చెప్పండి! నేను చెయ్యి తిప్పినా, కళ్ళెర్రజేసినా, కొంపలు మునిగినట్టు తెలుగులోనే అరవండి!"

నాంచారమ్మ అనుమానంగా చూసింది. "మరి బెంచీ ఎక్కించరు కదా టీచర్?"

ఇంకెక్కడి బెంచీ! వేలు తిప్పి "వెరీ గుడ్" అన్నందుకు ఆ పిల్లల ముందు దాని మీద నిలబడాల్సింది నేనే కదా.